పాత విండోస్‌లలో దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి: మీ సాఫ్ట్‌వేర్‌కు హద్దు గీసుకునే పద్ధతి

పత్తి సీజన్ మొదలైన మూడో వారంలో ఒక జిన్నింగ్ మిల్లు ధర్మకాంటా గదిలో నేను రాసిన ప్రోగ్రాం తెరుచుకోలేదు. ముందు రోజు రాత్రే దాని కొత్త వెర్షన్ నెట్ ద్వారా దానంతట అదే దిగింది. పొద్దున్నే కాంటా గుమాస్తా ఫోన్ చేశాడు. "తమ్మీ, ఏదో ఫైలు లేదని చూపిస్తోంది. బయట ట్రాక్టర్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది" అన్నాడు. లేదన్న ఆ ఫైలు ఏపీఐ-ఎంఎస్-విన్-కోర్-పాత్ అని మొదలయ్యే ఒక డీఎల్ఎల్, అంటే ప్రోగ్రాంలు పంచుకునే సహాయక ఫైలు. నేను పైథాన్ భాషలో 3.8 వెర్షన్ నుంచి 3.9కి మారి ప్రోగ్రాంను మళ్లీ తయారుచేశాను. పైథాన్ 3.9 విండోస్ 7 మీద నడవదు. ఆ కాంటా గదిలో ఉన్నది విండోస్ 7. నా బల్ల మీద విండోస్ 10 ఉంది కాబట్టి నాకు తేడా తెలియలేదు. మధ్యాహ్నం దాకా తూకం చీటీలు చేత్తో రాశారు. తెల్లవారుజామున పరకాల వైపు నుంచి బయలుదేరి వచ్చిన రైతులు అప్పటిదాకా ఎండలో నిలబడ్డారు.

మన ప్రోగ్రాం ఎంత పాత ఆపరేటింగ్ సిస్టమ్ వరకు నడవాలన్నది మనం కూర్చుని తేల్చకపోతే, మనం వాడే పనిముట్లు తేల్చేస్తాయి. అది కూడా సరిగ్గా పని ముమ్మరంగా ఉన్న నెలలోనే బయటపడుతుంది. అప్పటి నుంచి ఏటా జూన్‌లో, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి రాక తగ్గి పత్తికి ఇంకా సమయం ఉన్న రోజుల్లో, నేను ఈ పని చేస్తున్నాను. మీరు అడ్తి (కమిషన్ వ్యాపారి) దుకాణాలకు లెక్కల ప్రోగ్రాం రాస్తున్నా, బియ్యం మిల్లులకు రాస్తున్నా, ఎన్ఐటీ వసతిగృహంలో కూర్చుని అందరికీ ఉచితంగా ఇచ్చే ప్రాజెక్టు నడుపుతున్నా, ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదట: "మద్దతు" అనే మాటకు అర్థం రాసుకోండి

చాలామంది ఈ మాటను రెండు అర్థాల్లో వాడి చిక్కుల్లో పడతారు. "విండోస్ 7 మీద నడుస్తుంది" అనడం వేరు, "విండోస్ 7 మీద పనిచేయకపోతే నేను వచ్చి బాగుచేస్తాను" అనడం వేరు. మొదటిది మీరు చూసిన సంగతి. రెండోది మీరు ఇచ్చిన మాట. ఈ వ్యాసంలో మద్దతు అంటే రెండోదే. ప్రతి విడుదలకు ముందు ఆ సిస్టమ్ మీద పరీక్షిస్తాను, అక్కడ తప్పు వస్తే సరిచేస్తాను, ఫలానా తేదీ వరకు చేస్తాను అని ఒక కాగితం మీద రాయండి. ఈ మూడింటిలో ఏది చేయలేకపోయినా ఆ సిస్టమ్‌కు మీ మద్దతు లేనట్టే.

రెండోది: యంత్రాలను లెక్కపెట్టండి

ప్రపంచం మొత్తంలో ఎంత శాతం మంది ఏ విండోస్ వాడుతున్నారో చెప్పే పట్టికలు చాలా దొరుకుతాయి. వాటితో మీకు పెద్దగా పని లేదు. హనుమకొండ చౌరస్తాలోని కోచింగ్ కేంద్రాల్లో ఉండే కంప్యూటర్లు వేరు, జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో దుమ్ము పట్టిన పెట్టె వేరు. మీ ప్రోగ్రాం వాడేవాళ్ల యంత్రాలే మీకు లెక్క.

నెట్ ఉన్నచోట ప్రోగ్రామే చెప్పేలా చేయండి. తెరుచుకున్నప్పుడు విండోస్ బిల్డ్ సంఖ్య (ఏ విండోస్ విడుదలో కచ్చితంగా చెప్పే సంఖ్య), 32-బిట్టా 64-బిట్టా, మెమరీ ఎంత, తెర కొలత ఎంత అన్న నాలుగు సంగతులు పంపితే చాలు. పంపుతున్నట్టు వాడేవారికి ముందే చెప్పి, వారి అనుమతి తీసుకోండి. పేర్లు, లెక్కలు అందులో కలపకండి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. విండోస్‌ను "నీ వెర్షన్ ఏమిటి" అని పాత పద్ధతిలో, గెట్‌వెర్షన్‌ఎక్స్ అనే పిలుపు ద్వారా అడిగితే, మీ ప్రోగ్రాం మ్యానిఫెస్ట్‌లో (ఏ విండోస్‌ల కోసం రాశారో చెప్పే చిన్న పత్రంలో) కొత్త విండోస్‌ల ప్రస్తావన లేనప్పుడు 8.1 అయినా 10 అయినా 11 అయినా 6.2 అనే సంఖ్యనే ఇస్తుంది. అది విండోస్ 8 సంఖ్య. ఆర్‌టీఎల్‌గెట్‌వెర్షన్ అనే పిలుపు ద్వారా అడిగితే అసలు సంఖ్య వస్తుంది. రెండో పొరపాటు వెబ్‌సైటు లెక్కల్లో ఉంటుంది. బ్రౌజర్ తన పరిచయంలో విండోస్ 11ను కూడా "ఎన్‌టీ 10.0" అనే చెబుతుంది. కాబట్టి సైటు లెక్క చూసి విండోస్ 10 ఇంతమంది, 11 ఇంతమంది అని విడదీయకండి. బిల్డ్ సంఖ్య 22000 గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే అది విండోస్ 11.

నెట్ లేనిచోట నడిచి వెళ్లి చూడటమే మార్గం. విండోస్ మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కి, విన్‌వర్ అని టైపు చేస్తే వెర్షన్ తెలుస్తుంది. నేను ఒక నోటుబుక్కులో ఒక్కో యంత్రానికి ఒక్కో పేజీ ఇచ్చాను: ఊరు, పని, విండోస్, బిట్లు, వెనక ఏయే కేబుళ్లు ఉన్నాయి, ఏ ప్రింటర్, నెట్ ఉందా, ఎవరు కూర్చుంటారు. కేబుళ్ల సంగతి రాయడం మరవకండి. తర్వాతి మెట్టులో అసలు జవాబు అక్కడే దొరుకుతుంది.

లెక్క పూర్తయ్యాక తలలు లెక్కపెట్టి ఆగకండి, బరువు చూడండి. ఒక దుకాణంలో పది కంప్యూటర్లు విండోస్ 11 మీద ఉండవచ్చు, కాంటా గదిలో ఒక్కటే విండోస్ 7 మీద ఉండవచ్చు. ఆ ఒక్కటి ఆగితే పది కంప్యూటర్లకూ పని ఉండదు. శాతం చూస్తే అది చిన్నదిగానే కనబడుతుంది, కానీ మిల్లు ఆగేది అక్కడే.

మూడోది: అది ఎందుకు పాతగా ఉండిపోయిందో అడగండి

ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి. నేను నేర్చుకున్నదంతా ఇక్కడే. "వీళ్లు అప్‌డేట్ చేసుకోరు" అని దూరం నుంచి అనుకోవడం తేలిక. దగ్గరికి వెళ్లి అడిగితే ప్రతి పాత యంత్రం వెనక ఒక కారణం కనబడుతుంది. ఆ కారణాన్ని బట్టి మందు మారుతుంది.

కాంటా గదిలో కారణం కేబులు. తూకం చూపించే ఇండికేటర్ నుంచి తొమ్మిది సూదుల సీరియల్ కేబులు వచ్చి కంప్యూటర్ వెనక గుచ్చుకుంటుంది. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న తీగ కొంటే సరిపోతుందని మనం అంటాం. కానీ ఆ తీగల్లో వాడే కొన్ని పాత చిప్పులను కొత్త డ్రైవర్లు ఒప్పుకోవు. పైగా తీగను వేరే రంధ్రంలో గుచ్చితే దానికి విండోస్ ఇచ్చే కామ్ పోర్టు సంఖ్య మారిపోయి, ప్రోగ్రాం పాత సంఖ్య దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇది వాళ్ల తప్పు కాదు. మీ ప్రోగ్రాం అన్ని పోర్టులనూ వెతికి, తూకం ఎక్కడ వస్తోందో తానే గుర్తించేలా రాస్తే, ఆ యంత్రం మారడానికి ఉన్న అడ్డంకి సగం తొలగిపోతుంది. నేను విండోస్ 7ను మోయడానికి పెట్టిన గంటల్లో కొన్నింటిని ముందే దీని మీద పెట్టి ఉండాల్సింది.

అడ్తి దుకాణంలో కారణం వేరు. అక్కడ డాస్ కాలంలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాం ఇంకా నడుస్తూ ఉంటుంది. తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కార్బన్ ప్రతులతో రావాలి. ఆ 16-బిట్ ప్రోగ్రాంలు 32-బిట్ విండోస్ మీద నడుస్తాయి, 64-బిట్ విండోస్ మీద నడవవు. విండోస్ 11 వచ్చేదే 64-బిట్‌లో. అందుకే ఆ దుకాణాల్లో విండోస్ 10 ఉన్నా అది 32-బిట్ అయి ఉంటుంది. మీ ప్రోగ్రాం 64-బిట్‌కు మాత్రమే తయారుచేస్తే అక్కడ అది దిగనే దిగదు. "విండోస్ 10కి మద్దతు ఉంది" అని మీరు ప్రకటించినా ఆ దుకాణానికి అది అబద్ధమే అవుతుంది. కాబట్టి బిట్ల సంగతి ఎప్పుడూ విడిగా రాయండి.

ప్రింటింగ్ దుకాణాల్లో కారణం అక్షరం. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసేచోట పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, తెలుగు అను ఫాంట్లు కలిసి ఒక పాత యంత్రంలో స్థిరపడి ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. దాచుకున్న ఫైళ్లన్నీ యూనికోడ్ కాని ఆ ఫాంట్లలోనే ఉంటాయి. ఆ యంత్రాన్ని మార్చమంటే ఇన్నేళ్ల పనిని వదులుకోమన్నట్టే వాళ్లకు వినబడుతుంది. అక్కడ నా సలహా: దాన్ని మార్చమని ఒత్తిడి పెట్టకండి, మీ ప్రోగ్రాంను పక్కనున్న వేరే కంప్యూటర్ మీద పెట్టించండి.

ఇక చాలాచోట్ల కారణం యంత్రం వయసు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ గాని ఆ తర్వాతిది గాని ఉండాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్ కూడా ఈ పరీక్షలో తప్పుతుంది. కొత్తది కొనే డబ్బు పంట అమ్ముడయ్యాకే వస్తుంది. దీనికి మీరు చేయగలిగింది గడువు ఇవ్వడం ఒక్కటే.

నాలుగోది: మూడు రకాల గడువులు చూడండి

ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు గడువు ఒక్కటే అనుకోవద్దు.

మొదటిది తయారీదారు గడువు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది, డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం 2023 జనవరి దాకా భద్రతా అప్‌డేట్లు వచ్చాయి. విండోస్ 8.1 కూడా ఆ నెలలోనే ముగిసింది. విండోస్ 10 గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. పత్తి కొనుగోళ్లు మొదలయ్యే నెల అది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు, సంస్థలు డబ్బు కడితే ఇంకా కొంతకాలం భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉంది. మీ వాడుకదారులు ఆ నమోదు చేసుకున్నారో లేదో వెళ్లినప్పుడు చూడండి. చేసుకోకపోతే పక్కన కూర్చుని చేయించండి.

రెండోది మీ పనిముట్ల గడువు. నన్ను దెబ్బతీసింది ఇదే. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ 3.8. గో భాషలో అయితే 1.20 చివరిది, 2023 ఆగస్టులో వచ్చిన 1.21కి విండోస్ 10 కావాలి. రస్ట్ భాష 2024 మేలో 1.78 వెర్షన్‌తో తన ప్రధాన విండోస్ టార్గెట్‌లకు కనీస స్థాయిని విండోస్ 10కి పెంచింది. ఎలక్ట్రాన్ అనే పనిముట్టుతో రాసేవారికి 22వ వెర్షన్ చివరిది. క్రోమ్ బ్రౌజర్ విండోస్ 7, 8.1ల మీద 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది, అంటే అక్కడ క్రోమ్‌లో వెబ్ పేజీగా తెరిచే ప్రోగ్రాం కూడా 2023 ఆరంభపు బ్రౌజర్‌తోనే సర్దుకోవాలి. మీరు వాడే ప్రతి లైబ్రరీకి ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. వాటన్నిటిలో ఎక్కువ కొత్తదాన్ని కోరే గీతే మీ ప్రోగ్రాం గీత. ప్రతి పనిముట్టు విడుదల పత్రం తెరిచి "కనీస విండోస్" అన్న వరుస వెతికి, ఒక పట్టికలో రాయండి. ఒక మధ్యాహ్నం పడుతుంది. నేను ఆ మధ్యాహ్నం వెచ్చించి ఉంటే ఆ రోజు కాంటా ఆగేది కాదు.

పాత పనిముట్ల దగ్గరే ఆగిపోతే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. కొంతకాలం సరిపోతుంది. కానీ పైథాన్ 3.8కి కూడా 2024 అక్టోబరుతో భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 7 కోసం అక్కడే ఉండిపోతే, విండోస్ 11 వాడేవారికి కూడా మీరు పాత పనిముట్టుతో చేసిన ప్రోగ్రామే ఇస్తున్నట్టు. ఒకరి కోసం అందరినీ వెనక్కి లాగకుండా ఉండాలంటే పాత శాఖను, అంటే పాత విండోస్‌ల కోసం వేరుగా నడిపే కోడు ప్రతిని, విడదీయాలి. విండోస్‌కే పరిమితమైన ప్రోగ్రాం అయితే ఇంకో దారి కూడా ఉంది: డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8కి రాసినది విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 నుంచి 11 దాకా నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవారు, కాంటా గదుల్లో పనిచేయాల్సినవారు దీన్ని తీసిపారేయకండి.

మూడోది సర్వర్ గడువు. ప్రోగ్రాం తెరుచుకుంటుంది, కానీ నెట్‌తో మాట్లాడలేదు. ఎక్స్‌పీలో విండోస్ సొంత భాగాలకు టీఎల్ఎస్ 1.2 (సర్వర్‌తో మాటలు ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) రాదు. విండోస్ 7లో అది ఉంది, కానీ విండోస్ ఇచ్చే కనెక్షన్ పద్ధతిని వాడే ప్రోగ్రాంలకు ఒక అప్‌డేట్, ఒక రిజిస్ట్రీ మార్పు చేస్తే తప్ప పనిచేయకపోవచ్చు. మీ సర్వర్ పాత టీఎల్ఎస్‌ను ఆపేసిన రోజున ఆ యంత్రాలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. ఆ ఆపే పని చేసేది మీ సర్వర్ అద్దెకు ఇచ్చినవారు కావచ్చు, మీకు చెప్పకుండానే చేయవచ్చు.

లైనక్స్ వాడేవారికి ఒక్క మాట. ప్రోగ్రాంలు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ ఉబుంటు 18.04లో 2.27, 20.04లో 2.31, 22.04లో 2.35 వెర్షన్ ఉంటుంది. పాతదాని మీద తయారుచేసినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసినది పాతదాని మీద తరచూ నడవదు. కాబట్టి మీరు మాట ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా పాతదాని మీదే తయారుచేయండి.

ఐదోది: ఖర్చు లెక్క వేయండి

ఒక పాత సిస్టమ్‌ను ఉంచుకోవడానికి నాలుగు ఖర్చులు ఉంటాయి: పరీక్షించే యంత్రం, ప్రతి విడుదలకు పట్టే గంటలు, దాని కోసం వదులుకున్న కొత్త సదుపాయం, రెండు శాఖలు నడిపితే ఒక తప్పును రెండుసార్లు సరిచేసే శ్రమ. నాలుగోదాన్ని అందరూ తక్కువగా అంచనా వేస్తారు. తూకం గుండ్రం చేసే చోట ఒక తప్పు దొరికితే కొత్త శాఖలో సరిచేసి, పాత శాఖలో మరిచిపోతే, రెండు మిల్లుల్లో ఒకే బండికి రెండు బరువులు వస్తాయి.

ఈ గంటలన్నీ కూడి, దాని పక్కనే ఇంకో లెక్క రాయండి. ఆ పాత యంత్రాలన్నిటినీ మార్చడానికి మీరే సాయపడితే ఎంతవుతుంది? వాడిన, కానీ విండోస్ 11 నడిపే కంప్యూటర్, మంచి చిప్పున్న సీరియల్ తీగ, మీరు వెళ్లి పెట్టి వచ్చే ఒక రోజు. యంత్రాలు పదిలోపు ఉంటే చాలాసార్లు ఇదే చవక. నేను ఇద్దరు మిల్లు యజమానులకు ఏడాది నిర్వహణ రుసుములో కొంత తగ్గించి, ఆ డబ్బుతో కంప్యూటర్ మార్చమన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత నా పని ఎంతో తేలికైంది.

ఆరోది: రైతు వివరాలు ఎక్కడున్నాయో చూడండి

లెక్కల కంటే పైన పెట్టాల్సిన ప్రశ్న ఇది. మీ ప్రోగ్రాంలో రైతు పేరు, ఊరు, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య ఉంటాయా? ఆ యంత్రానికి నెట్ ఉందా? ఈ రెండింటికీ అవును అనే జవాబు వస్తే, భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద మీ ప్రోగ్రాం నడవనివ్వకండి. ఎంత పాత ఖాతాదారు అయినా సరే, ఎంత బతిమాలినా సరే. పోయేది మిల్లు యజమాని వివరాలు కావు, అక్కడ లేని మనిషివి. తన ఖాతా సంఖ్య ఏ యంత్రంలో ఉందో ఆ రైతుకు తెలియదు, వద్దని చెప్పే అవకాశమూ అతనికి లేదు. అతని తరఫున వద్దని చెప్పగలిగింది మీరొక్కరే.

నెట్ లేని కాంటా గది సంగతి వేరు. అక్కడ బండి నంబరు, బరువు మాత్రమే ఉంటాయి. పాత విండోస్ ఉన్నా ప్రమాదం తక్కువ. అక్కడ పెన్‌డ్రైవులు ఎవరు గుచ్చుతున్నారో మాత్రం కనిపెట్టి ఉండండి.

ఏడోది: గీత కాదు, మెట్లు గీయండి

"ఉంది" లేదా "లేదు" అని రెండే మాటలు పెట్టుకుంటే ప్రతి నిర్ణయమూ గొడవవుతుంది. మూడు మెట్లు పెట్టుకోండి. పై మెట్టులో అన్నీ అందుతాయి. నడిమి మెట్టులో కొత్త సదుపాయాలు రావు, లెక్క తప్పినా సమాచారం పోయినా సరిచేస్తాం. కింది మెట్టులో ఏమీ లేదు, చివరి వెర్షన్ మాత్రం దాచి ఇస్తాం.

నా కాగితం మీద ప్రస్తుతం ఇలా ఉంది. విండోస్ 11, భద్రతా అప్‌డేట్లు అందుతున్న 64-బిట్ విండోస్ 10 పై మెట్టు. 32-బిట్ విండోస్ 10 నడిమి మెట్టు. విండోస్ 7 కూడా నడిమి మెట్టే, కానీ నెట్ లేని కాంటా గదిలో మాత్రమే, అదీ రాబోయే పత్తి సీజన్ ముగిసేదాకా. 8, 8.1, ఎక్స్‌పీ కింది మెట్టు. విండోస్ 8.1 విండోస్ 7 కన్నా కొత్తదే, అయినా నా నోటుబుక్కులో దాని పేజీ ఒక్కటీ లేదు. వయసును బట్టి వరుసగా పోవాలన్న నియమం ఏదీ లేదు. మీ కాగితం మీద ఈ వరుస వేరుగా ఉండాలి. నాది నకలు చేసుకుంటే మీ యంత్రాల లెక్క చేసినందుకు ఫలం ఉండదు.

ఫోన్ యాప్ కూడా ఉంటే

ఫోన్ల విషయంలో కొన్ని దారులు తేలిక. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియోనే ఏ వెర్షన్ ఎంచుకుంటే ఎంత శాతం ఫోన్లు అందుతాయో చూపిస్తుంది. అది మొత్తం ప్రపంచపు లెక్క అని గుర్తుంచుకోండి. రైతు చేతిలో ఉన్నది చాలాసార్లు కొడుకు కొత్తది కొనుక్కుని ఇచ్చిన పాత ఫోను. సీసీఐ (భారత పత్తి సంస్థ) 2025లో పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్ తెచ్చాక, మార్కెట్ యార్డుల్లో ఆ పాత ఫోన్లకు మునుపటి కంటే ఎక్కువ పని పడింది.

నేను చూసే మెట్లు రెండు. ఆండ్రాయిడ్ 5 నుంచి టీఎల్ఎస్ 1.2 దానంతట అదే పనిచేస్తుంది, అంతకన్నా కిందికి పోవద్దు. రెండోది 7.1.1. మీ సర్వర్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే భద్రతా ధ్రువపత్రం వాడుతుంటే, దాని మూల ధ్రువపత్రం ఆండ్రాయిడ్‌లోకి వచ్చింది 7.1.1తోనే. పాత ఫోన్లను కాపాడిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. కాబట్టి 5, 6 వెర్షన్లలో యాప్ దిగుతుంది, తెరుచుకుంటుంది, సర్వర్‌తో మాత్రం కలవదు. ఆ ఫోన్లు మీకు కావాలంటే మూల ధ్రువపత్రాన్ని యాప్‌లోనే పెట్టి ఇవ్వాలి, లేదా కనీస వెర్షన్‌ను పైకి జరపాలి.

ఎనిమిదోది: అసలు యంత్రం మీద పరీక్షించండి

వర్చువల్ యంత్రం సగం పనికే వస్తుంది. సీరియల్ కేబులు, నిదానమైన పాత డిస్కు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇవేవీ అందులో ఉండవు. మద్దతు ఇస్తానన్న ప్రతి మెట్టుకూ కనీసం ఒక అసలు పెట్టె మీ దగ్గర ఉండాలి.

తెలుగు అక్షరాలను విడిగా చూడండి. గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, వాణి విండోస్ 7తో, నిర్మలా యూఐ విండోస్ 8తో వచ్చాయి. పాతకాలంలో గౌతమి పేరు ప్రోగ్రాంలో గట్టిగా రాసేసినవారికి విండోస్ 10, 11లలో అది కనబడకపోవచ్చు, ఎందుకంటే అక్కడ గౌతమి, వాణి విడిగా కోరి దించుకోవాల్సిన ఫాంట్లయ్యాయి. అప్పుడు వేరే ఫాంటు వచ్చి, చీటీలో గీతలు దాటి అక్షరాలు బయటికి పోతాయి. స్వేచ్ఛా లైసెన్సు ఉన్న నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ప్రోగ్రాంతోపాటే ఇవ్వండి. ఒత్తులు బాగా పడే పేర్లతో, "రాజేశ్వర్", "లక్ష్మీనర్సయ్య" వంటివాటితో, ప్రతి మెట్టు మీదా ఒక చీటీ ముద్రించి పక్కపక్కన పెట్టి చూడండి.

తొమ్మిదోది: ప్రోగ్రాం తానే తలుపు దగ్గర ఆపాలి

మీ నిర్ణయం కాగితం మీద ఉంటే చాలదు. ఇన్‌స్టాలర్ మొదటి క్షణంలోనే విండోస్ వెర్షన్ చూసి, సరిపడకపోతే ఏ ఫైలూ మార్చకముందే ఆగాలి. ఇన్‌స్టాలర్ తయారుచేయడానికి ఇన్నో సెటప్ వాడితే మిన్‌వెర్షన్ అనే ఒక్క వరుసతో ఇది అయిపోతుంది. ఆగినప్పుడు వచ్చే సందేశం తెలుగులో, చేయాల్సిన పనితో ఉండాలి: "ఈ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. ఈ కొత్త వెర్షన్ దీని మీద నడవదు. మీ పాత ప్రోగ్రాం యథాతథంగా పనిచేస్తుంది, మీ లెక్కలు భద్రం. వివరాలకు మాకు ఫోన్ చేయండి." నాలుగు వాక్యాల్లో మూడోది అన్నిటికంటే ముఖ్యం. అది లేకపోతే గుమాస్తా భయపడి ప్రోగ్రాం తీసేసి మళ్లీ వేయబోతాడు, అప్పుడు నిజంగానే లెక్కలు పోతాయి.

అప్‌డేట్ పంపే సర్వర్ కూడా ఇదే చూడాలి. పాత విండోస్ నుంచి అడిగిన యంత్రానికి పాత శాఖ వెర్షనే ఇవ్వాలి. నాకు జరిగింది మీకు జరగకుండా ఉండాలంటే ఈ ఒక్క పని ఇవాళే చేయండి, మిగతావి జూన్‌లో చేసుకోవచ్చు.

పదోది: ఎప్పుడు, ఎలా చెప్పాలి

ఆపే తేదీ పత్తి సీజన్‌లోనూ, జనవరి నుంచి మే దాకా మిర్చి వచ్చే రోజుల్లోనూ పడకూడదు. జూన్ నుంచి ఆగస్టు లోపల పెట్టండి. కనీసం ఒక పూర్తి సీజన్ ముందు చెప్పండి. అలా చెబితే ఆ సీజన్ రాబడితో కంప్యూటర్ కొనుక్కునే వీలుంటుంది.

చెప్పడం ఒకరికే కాదు. యజమానికి కాగితం ఇవ్వండి, కంప్యూటర్ ముందు కూర్చునే గుమాస్తాకు ఎదురుగా చెప్పండి. యజమాని మరిచిపోతాడు, గుమాస్తా మరవడు. ఆ రోజు ఫోన్ చేసిన కాంటా గుమాస్తా దగ్గరికి నేను తర్వాత వెళ్లి కారణమంతా వివరించాను. అంతా విని, "అన్నీ నాకు అర్థం కాకున్నా ఫరవాలేదు తమ్మీ, ఏ నెలలో ఆగుతుందో ముందే చెబితే సేటుతో నేను కొనిపిస్తాను" అన్నాడు. అలాగే కొనిపించాడు.

కాగితంలో నాలుగు సంగతులు ఉండాలి: ఏ విండోస్, ఏ తేదీ, ఆ తేదీ తర్వాత ఏది పనిచేస్తుంది ఏది పనిచేయదు, మార్చుకోవడానికి మీరు చేసే సాయం ఏమిటి. క్షమాపణలతో నింపకండి, బెదిరించకండి.

చివరగా: ఆపిన తర్వాత దాచాల్సినవి

మద్దతు ఆపిన రోజున పాత పనిముట్లను చెరిపేయకండి. విండోస్ 7 కోసం చివరి వెర్షన్ తయారుచేసిన కంప్యూటర్‌ను అలాగే, పైథాన్ 3.8, అప్పటి లైబ్రరీలు, ఇన్‌స్టాలర్ తయారుచేసే ప్రోగ్రాం, సోర్సు కోడుతో సహా ఉంచండి. దాని డిస్కు మొత్తానికి ఒక నకలు తీసి వేరే చోట పెట్టండి. నెట్ తీగ పీకేయండి. ఏ రోజైనా ఒక మిల్లు యజమాని పాత సంవత్సరాల తూకాలు తెరిచి చూపించమంటే, ఆ లెక్కలను కొత్త వెర్షన్ చదివే రూపంలోకి మార్చడానికి అదొక్కటే ఆధారం. ఏడాదికొకసారి, జూన్‌లో, దాన్ని వేసి చూసి, మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే మార్చండి. పెట్టె మీద ఒక చీటీ అతికించండి: ఏ ప్రోగ్రాం, ఏ వెర్షన్, ఏ విండోస్, చివరిసారి ఎప్పుడు వేసి చూశారు, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది.